అర్థవిషయమున ఆప్తుడెవడు?

(ముదిగొండలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభలో ప్రసంగింపుమని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరినపుడు, ఏ కావ్యవిషయమునో పురాణవిషయమునో మాటలాడుదుమని వారు తలచియుందురు. ముప్పదియేండ్లకు పైబడి బడిపిల్లలకు సంస్కృతాంధ్రములు చెప్పినవారము గనుక అట్లు తలచుట సహజమే. అయినను ఈనాడు మేము ధనమును గూర్చియు, అందులోను ధనవిషయమున నొరులకు సలహా చెప్పు వృత్తిని గూర్చియు మాటలాడ నెంచితిమి. ధర్మార్థకామమోక్షములలో రెండవది అర్థమేకదా! దానిని గూర్చి ముచ్చటించుట పండితునకు తగదని మన పెద్దలెన్నడును అనలేదు.

ఒక తరము క్రిందట మన యిండ్లలోని ప్రశ్న యొక్కటే: అప్పెచ్చట పుట్టును? నేడు దానికి తోడు మరియొక ప్రశ్న పుట్టినది: చేతికి వచ్చిన సొమ్మెట్లు నిలుచును? సాగరు ఎడమ కాలువ నీరు వచ్చిన పిమ్మట వరి పండినది. ఖమ్మము మార్కెట్టుకు మిరపయు ప్రత్తియు పోయినవి. సింగరేణి గనులలో పనిచేసి విరమించినవారికి ఒక్కమారుగా సొమ్ము చేతబడినది. బాటలకును కాలువలకును భూమి నిచ్చినవారికి పరిహారము వచ్చినది. పిల్లలు నగరములలోను విదేశములలోను ఉద్యోగములు చేసి నెలనెల పంపుచున్నారు. సొమ్ము వచ్చిన యింటికి సలహా చెప్పువారును వచ్చుచున్నారు. వారిలో నెవ్వనిమాట వినవలెను, ఎవ్వనికి తాంబూలమిచ్చి సాగనంపవలెను అనునదే మా విషయము.

ఆప్తశబ్దార్థము

తెలుగున ఆప్తుడనగా దగ్గరివాడు, చుట్టము, మన మేలు కోరువాడు. న్యాయశాస్త్రమున ఆ పదమునకు అర్థము వేరు. విషయమును ఉన్నదున్నట్లు ఎరిగినవాడును, ఎరిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పగోరువాడును అయినవాడే అచ్చట ఆప్తుడు. వాని మాటయే ప్రమాణము. చుట్టరికమును శాస్త్రకారులు ఆ లక్షణములో చేర్చలేదు. పైపెచ్చు భాష్యకారుడైన వాత్స్యాయనుడు ఈ లక్షణము ఋషికిని, ఆర్యునకును, మ్లేచ్ఛునకును సమానమేయని స్పష్టముగా చెప్పియున్నాడు. ఎవ్వని పుట్టుక యెట్టిదైనను, ఎరుకయు నిజాయితీయు నున్నచో వాడాప్తుడు. అవి లేనిచో మన మేనమామ కొడుకైనను కాడు.

కులసభలో నిలిచి ఈ మాట చెప్పుట కొందరికి రుచింపకపోవచ్చును. కాని మాకు తోచినంతలో, ధనవిషయమున మనవారు పడిన కష్టములలో పెక్కింటికి మూలము, ఈ రెండర్థములను ఒక్కటిగా కలిపివేయుటయే. "మనవాడే కదా!" అన్న మాట యొక్కటి వినబడినతోడనే మనము కాగితము చదువకయే సంతకము పెట్టుదుము.

దీనికి నిదర్శనము వెదకుటకు దూరము పోనక్కరలేదు. విజయవాడ కేంద్రముగా వ్యాపారము సాగించిన అగ్రిగోల్డు సంస్థ, భూములును ప్లాట్లును తోటలును చూపి ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకాది రాష్ట్రములలో సుమారు 32 లక్షలమంది నుండి ఆరువేల కోట్ల రూపాయలకు మించిన సొమ్ము సేకరించి, 2014-15 ప్రాంతమున చెల్లింపులు నిలిపివేసినది. 2019లో 10,000 రూపాయల లోపువారికిని, 2021లో 20,000 రూపాయల లోపువారికిని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన ఖజానా నుండి సొమ్ము చెల్లింపవలసి వచ్చినది. ఆ సంస్థకు సొమ్ము కట్టించిన ఏజంట్లు ఎక్కడనుండియో దిగివచ్చినవారు కారు. ఆ యూరివారే, ఆ వీధివారే. పెండ్లికి పిలిచినవారు, చావుకు వచ్చినవారు. వారిలో పెక్కురు తమ సొమ్మును, తమ తోబుట్టువుల సొమ్మును గూడ అందులోనే పెట్టిరి. సంస్థ కూలినపుడు ఊరి యెదుట తలయెత్తలేక ప్రాణములు తీసికొన్నవారును కలరు. వారు దుష్టులని మేమనము. తెలుగున వారాప్తులే, న్యాయశాస్త్రమున మాత్రము కారు. ఏలన, వారికి మేలు కోరు మనస్సుండెను గాని, ఆ కంపెనీ లెక్కలు చూచి తెలిసికొను ఎరుక లేదు. సొమ్ము కట్టించిన కొలది కమీషను వచ్చుచుండుటచే అడిగి తెలిసికొనవలెనను కోరికయు కలుగలేదు.

కావున సలహాదారుని మూడు విధముల పరీక్షింపవలయును: అతనికి తెలియునా? అతనికి కూడు పెట్టునదెవరు? అతడు పనిచేయు పద్ధతి యెట్టిది? ఈ మూడింటిని వరుసగా విన్నవింతుము.

ఎరుక

మన దేశమున సొమ్ము దాచు చోట్లు ముందు పుట్టినవి; సలహా చెప్పు వృత్తి చాల తరువాత పుట్టినది. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు వృత్తిచే వైద్యులై యుండియు, 1923లో మచిలీపట్నమున ఆంధ్రాబ్యాంకును స్థాపించిరి. 1956లో జీవితబీమా ప్రభుత్వపరమైనది. చీటీపాటలు అంతకు మునుపే యుండినను వాటికి 1982లో దేశమంతటికి నొక చట్టమేర్పడినది. కాని ఏది యెవ్వనికి తగును, ఎంత తగును అని చెప్పుట ఒక వృత్తియని, దానికి చదువును పరీక్షయు నమోదును ఉండవలెనని సెబీ సంస్థవారు నియమములు చేసినది 2013లో మాత్రమే.

ఆ నియమముల ప్రకారము పెట్టుబడి సలహాదారుడు పట్టభద్రుడై యుండవలెను. ఇందుకై యేర్పరచిన రెండు పరీక్షలలో నుత్తీర్ణుడు కావలెను. సెబీయందు నమోదై, ఐ.ఎన్.ఏ. అను అక్షరములతో మొదలగు సంఖ్యను పొందవలెను. ఆ సంఖ్యను సెబీవారి పట్టికలో ఎవ్వరైనను సరిచూచుకొనవచ్చును. మ్యూచువల్ ఫండులు అమ్మువారికి వేరొక సంఖ్య కలదు, అది ఏ.ఆర్.ఎన్. అని మొదలగును. వారు పంపిణీదారులు. బీమా ఏజంటు వేరు, బ్యాంకు ఉద్యోగి వేరు, ఆదాయపు పన్ను లెక్కలు వ్రాయు ఆడిటరు వేరు. వీరందరును ఉపయోగపడువారే. అయినను పంటినొప్పికి కంటివైద్యుని యొద్దకు పోయిన ఫలమేమి?

ఎరుక యనగా పట్టా మాత్రమే కాదు, లెక్క కూడ. మన తెలుగువారికి లెక్క క్రొత్తది కాదు. మహావీరాచార్యుని సంస్కృతగణితమును పావులూరి మల్లన సారసంగ్రహగణితముగా తెనిగించిన నాటినుండియు గణితము మన భాషలోనే యున్నది. మన రైతునకును నూటికి నెలకింత యని వడ్డి నోటి లెక్కగా వచ్చును. కాని నూటికి రెండు రూపాయల వడ్డియనగా ఏటికి నూటికి 24 అని గట్టిగా తలచుకొనువారు తక్కువ. ఆ వడ్డిని నెలనెల అసలుకు చేర్చి చక్రవడ్డి కట్టినచో 35 నెలలలో అప్పు దాదాపు రెండింతలగును. ఒక యింట రెండు రూపాయల వడ్డికి లక్ష రూపాయల అప్పుండగా, మరియొక లక్షను నూటికి ఏటికి 7 వచ్చు డిపాజిటులో దాచినారనుకొందము. వచ్చునది 7,000; పోవునది 24,000. ఏటికి 17,000 నష్టము. "బ్యాంకులో లక్ష యున్నది" అను ధైర్యమునకు ఆ కుటుంబము చెల్లించు వెల యిది. ఎరిగిన సలహాదారుడు ఏ పథకమును చూపక ముందే, ఆ డిపాజిటు తీసి అప్పు తీర్చుమని చెప్పును. అట్లు చెప్పుటవలన అతనికి కమీషను రాదు. ఇచ్చటనే రెండవ పరీక్ష మొదలగుచున్నది.

కూడు పెట్టునదెవరు?

కౌటిల్యుడు మంత్రులను, అధికారులను నియమించు ముందు వారిని ఉపధలచే పరీక్షింపుమని చెప్పినాడు. ఉపధ యనగా ఆశ పెట్టి, లేదా భయపెట్టి చూచు రహస్యపరీక్ష. వానిలో అర్థోపధ యనునది ధనాశ చూపి చేయునది. దానికి లొంగనివారినే పన్నుల వసూళ్ళకును కోశాగారపు పనులకును నియమింపవలెనని యాయన మతము. ఏ విషయమున నుంచుదుమో ఆ విషయపు ఆశచేతనే పరీక్షింపుమనుట ఎంతటి లోకజ్ఞత!

కమీషనుతో బ్రతుకువానికి ఈ అర్థోపధ ఏదో యొకనాడు జరుగునది కాదు, ప్రతిదినము జరుగుచుండును. జీవితబీమా పాలసీలలో కొన్నింటికి మొదటి యేటి ప్రీమియమున మూడవ వంతునకు పైగా ఏజంటునకు కమీషనుగా నిచ్చుట చిరకాలము చట్టసమ్మతమై యుండెను. ఎక్కువ కమీషను వచ్చు పాలసీయు, మనకు నిజముగా కావలసిన పాలసీయు ఒక్కటే కానపుడు, ఆ మనిషి దేనిని ముందు చూపును? బట్టలకొట్టువాడు "నీకు ఈ యేడు బట్టలక్కరలేదు" అనునా? అనకపోవుట వాని దోషము కాదు. వాని వృత్తి యది. వానినే ధర్మపన్నాలు చెప్పువానిగా భావించుట మన దోషము.

ఈ చిక్కు తెలిసియే సెబీవారు క్రమక్రమముగా గట్లు వేయుచు వచ్చిరి. 2009 ఆగస్టు 1 నుండి మ్యూచువల్ ఫండులలో ప్రవేశరుసుము తీసివేసిరి. 2013 జనవరి నుండి నడుమ పంపిణీదారుడు లేక నేరుగా కొనుటకు వేరు పద్ధతి యేర్పరచిరి. 2020లో, ఒకే కుటుంబమునకు సలహా చెప్పి ఫీజును, అమ్మి కమీషనును రెండును తీసికొనరాదని కట్టడి చేసిరి. ఫీజుకును హద్దు కలదు. 2025 ఆరంభమున ప్రకటించిన నియమముల ప్రకారము, ఒప్పుకొన్న మొత్తముగా తీసికొను ఫీజు ఒక్కొక్క కుటుంబమునకు ఏటికి 1,51,000 రూపాయలు మించరాదు. సామాన్యకుటుంబమున కంత యక్కరలేదు. అది హద్దేగాని ధర కాదు.

"సలహాకు కూడ ఫీజా? మాట చెప్పుటకు డబ్బా?" యని మనవారడుగుదురు. వైద్యునకు ఇచ్చుచున్నాము; వకీలునకు ఇచ్చుచున్నాము; పురోహితునకు సంభావన యిచ్చుచున్నాము. ధనవిషయమున మాత్రము ఉచితముగా చెప్పువానిని వెదకి, వాడు మనకు తెలియకుండ తీసికొను దానికి పదిరెట్లు చెల్లించుచున్నాము. ఉచితసలహా వంటి ఖరీదైన వస్తువు లోకమున లేదు. ఫీజు తీసికొని యుత్తసలహా చెప్పు నమోదైన సలహాదారులు ఇంత పెద్ద దేశమున ఇంచుమించు వేయిమందికి మించని దుస్థితికి కారణము మనమే. జీవితబీమా సంస్థ యొక్కదాని ఏజంట్లే పదిలక్షలకు మించి యున్నారు. అమ్మువారు లక్షలు, చెప్పువారు వందలు!

పద్ధతి

సలహాదారుని పద్ధతి యెట్లుండునో మా యనుభవము నుండి చెప్పుదుము. మేము ఉద్యోగవిరమణ చేసిన నెలలోపుననే మా యింటికి చాలమంది వచ్చిరి. పాలసీ తెచ్చినవాడు మా పూర్వవిద్యార్థి. చీటీ తెచ్చినవాడు మా చుట్టము. ప్లాటు కాగితములు తెచ్చినవాడు మన కులమువాడే. వారిలో నొకడు, "మాస్టారూ, మీరు చేరితే చాలును, ఊరంతయు చేరును" అనెను. వానికి కావలసినది మా సొమ్ము కంటె మా పేరని అప్పుడు తెలిసినది. ముగ్గురికిని మంచినీళ్ళిచ్చి పంపి, హైదరాబాదులో మా కుమారుని యింటికి పోయినపుడు, నమోదైన యొక సలహాదారుని దర్శించితిమి. అతని కులమేదో మేమడుగలేదు; అతడును మమ్మడుగలేదు.

అతడు వాణిజ్యశాస్త్రమున పట్టభద్రుడు. కొన్నియేండ్లు ఒక బ్యాంకులో పనిచేసినవాడు. అక్కడ పైయధికారులు ఈ నెల ఎన్ని పాలసీలు అమ్మితివని అడుగుటయేగాని, కొన్న ముసలివానికి అవి యక్కరయా యని అడుగుట లేదని విసిగి, పరీక్షలు వ్రాసి ఈ వృత్తిలో ప్రవేశించినాడట. ముందుగా తన ఫీజు ఎంతయో, దానికి ఏమి చేయునో, ఏమి చేయడో కాగితముపై వ్రాసి చూపెను. ఫీజును నగదుగా తీసికొననని, బ్యాంకు ద్వారముననే చెల్లింపుమని చెప్పెను.

"మీ యొద్ద ఎంత యున్నది?" అని మొదట అడుగునేమో యని మేము అనుకొంటిమి. అతడడిగిన మొదటి ప్రశ్న "మీపై ఆధారపడినవారెవరు?" అని. రెండవది "ఎవరికైన జామీను సంతకము పెట్టియున్నారా?" అని. పిమ్మట నెలఖర్చు, పింఛను, అప్పులు, ఇంటి వైద్యపు ఖర్చులు, పొలము పాసుపుస్తకము ఎవరి పేర నున్నది, బ్యాంకు ఖాతాకు నామినీ యెవరు అను విషయములు వరుసగా అడిగెను. మా గృహిణిని కూడ కూర్చుండుమని కోరి, ఇంటిఖర్చును గూర్చి ఆమెనే అడిగెను. ఆమె చెప్పిన లెక్క మా లెక్కకంటె ఎక్కువగాను, నిజముగాను ఉండెను. రెండు దినములు ఇట్లే గడచినవి. మొదటి దినమున అతడు ఒక్క పథకము పేరైనను ఎత్తలేదు.

అర్థశాస్త్రమున రాజనీతికి నాలుగు పనులు చెప్పబడినవి: లేనిదానిని సంపాదించుట, సంపాదించినదానిని కాపాడుట, కాపాడినదానిని పెంచుట, పెరిగినదానిని పాత్రమెరిగి వినియోగించుట. మన యింటింట నడుగు "యోగక్షేమములు" అను మాటలో యోగము మొదటిది, క్షేమము రెండవది. కావ్యపాఠమున ఎన్నోసార్లు ఈ పదమును విడదీసి చెప్పినవారమే యైనను, అది యొక గృహస్థుని లెక్కలపుస్తకములో ఎట్లు పనిచేయునో ఆ యువకుని యొద్ద చూచితిమి. అతడు క్షేమముతో మొదలు పెట్టెను. ఆపదకు వెంటనే చేతికందు సొమ్ము ఆరునెలల ఖర్చుకు తగినంత వేరుగా నుంచుమనెను. ఆరోగ్యబీమా చూడుమనెను. జీవితబీమాను గూర్చి అడిగితిమి. సంపాదించువాడు పోయినచో కుటుంబము పస్తుండునన్నపుడే దాని యక్కర కలదనియు, మీ పిల్లలు స్థిరపడిరి గనుక మీకక్కరలేదనియు చెప్పెను.

పిదప, విరమణవలన వచ్చిన సొమ్ములో పెద్దభాగమును తపాలాకార్యాలయమున వృద్ధుల పొదుపు పథకమున వేయుమనెను. 60 ఏండ్లు నిండినవారు అందులో 2023 నుండి 30 లక్షల వరకు దాచుకొనవచ్చును. ఆ పథకమున ఎవ్వరికిని కమీషను లేదు. మాకు ఆ మనిషిపై గురి కుదిరినది అప్పుడే. మూడేండ్లలో కావలసిన సొమ్ము వాటాల జోలికి పోరాదనియు, మనుమల చదువునకై పదేండ్లకు పైబడి ఉంచగల కొద్ది భాగమును మాత్రము వాటాల ఫండులో వేయవచ్చుననియు, అది నడుమ తగ్గినపుడు భయపడి తీయువారైనచో అదియు వలదనియు చెప్పెను. ఖమ్మములో ఒక ప్లాటు కొందుమా యని అడిగితిమి. "దానిని ఎప్పుడు, ఎవరికి అమ్ముదురు?" అని అతడు తిరిగి అడిగెను. మా యొద్ద సమాధానము లేదు. ప్లాటు మాట అంతటితో ముగిసినది. చివరకు వీలునామా వ్రాయించి నామినీ పేర్లు సరిచేయించెను. ఏడాదికొకసారి మరల చూతమని చెప్పి పంపెను.

అతడు చేయనన్న పనులు మూడు. మన సొమ్మును తన చేతితో ముట్టనన్నాడు. ఇంత లాభము తప్పక వచ్చునని మాట ఇయ్యనన్నాడు. వాటాల ధర యెప్పుడు పెరుగునో చెప్పలేనన్నాడు. మాకు చూడగా చేసిన పనులకంటె ఈ చేయనన్న పనులే అతని వృత్తికి వన్నె తెచ్చినవి.

న్యాసము

సొమ్మును చేతితో ముట్టననుట చిన్నమాట కాదు. మనువు చెప్పిన పదునెనిమిది వివాదపదములలో మొదటిది అప్పు. రెండవది నిక్షేపము, అనగా నమ్మి దాచుమని యిచ్చిన సొమ్ము. హత్యలకంటెను దొంగతనములకంటెను ముందు వీటిని లెక్కించిరన్నచో, మానవుల కలహములు ఎక్కడ మొదలగునో వారికి బాగుగా తెలిసినదన్నమాట. నేటి చట్టమున సలహాదారునకు విధించిన ధర్మము ఈ నిక్షేపధర్మము వంటిదే: తన లాభముకంటె నమ్మినవాని లాభమును ముందుంచవలెను.

మన పొరుగుననే యున్న నేలకొండపల్లి కంచెర్ల గోపన్నగారి జన్మస్థలము. పదునేడవ శతాబ్దమున తానాషా ఏలుబడిలో భద్రాచలప్రాంతమునకు తహశీలుదారై, సర్కారు పైకముతో రాములవారి కోవెల కట్టించి, గోలకొండ చెరసాలలో నున్న రామదాసుగారి చరిత్ర ఎరుగనివారీ సభలో లేరు. ఆయన భక్తిని తూచుటకు మేమెంతవారము? తనకై ఆయన ఒక్క వరహానైన దాచుకొన్నవాడు కాడు. అయినను ఒక పద్దున వసూలైన సొమ్ము మరియొక పద్దున ఖర్చైనపుడు, ఆ ఖర్చు దేవుని కొరకే యైనను, లెక్క అడుగువాడు అడుగును. రామలక్ష్మణులే వచ్చి ఆ పైకము చెల్లించిరని ఐతిహ్యము. మన సొమ్మును వాడుకొన్న సలహాదారుని తరపున చెల్లించుటకు రాములవారు వచ్చునని నమ్ముట మాత్రము భక్తి కాదు, అజాగ్రత్త.

హైదరాబాదున వెలసిన కార్వీ బ్రోకింగు సంస్థపై 2019 నవంబరులో సెబీవారు చర్య తీసికొన్నది ఇట్టి విషయముననే. ఖాతాదారుల వాటాలను ఆ సంస్థ తనవివలె తాకట్టు పెట్టి అప్పులు తెచ్చినదని తేలినది. ఖాతాదారులిచ్చిన అధికారపత్రములే ఆ సంస్థకు వారి వాటాలపై చేయి చేసికొనుటకు వీలు కల్పించినవి. కావున ఎంత పేరున్న సంస్థయైనను, చదువని కాగితముపై సంతకము పెట్టరాదు. చెక్కు వ్రాయునపుడు సలహాదారుని పేర వ్రాయరాదు. సొమ్ము చేరవలసిన ఫండు పేరనో బ్యాంకు పేరనో వ్రాయవలెను.

రైతు కుటుంబము మాట

ఈ వృత్తివారి గ్రంథములన్నియు నెలజీతగాండ్రను ఎదుట నుంచుకొని వ్రాసినవి. మన యూరి రైతునకు జీతము నెలకొకసారి రాదు. పంట అమ్మినపుడు వచ్చును. కనుక నెలనెల ఇంతయని కట్టు పద్ధతి వానికి సరిపడదు. కట్టలేని నెలలో వాడు మరల రెండు రూపాయల వడ్డికి పోవును. వానికి ఆపద్ధనము ఆరునెలలది చాలదు. వచ్చు పంట పోయినను ఆ పై పంట వరకు నిలుచునంత కావలెను. ఎరువు, విత్తనము, కూలి పెట్టుబడిని ముందు తీసి పక్కన పెట్టి, పిమ్మట మిగిలినదే పొదుపు. మిరప ధర ఒక యేడు మింటికెక్కి మరునాడు నేలకు దిగుట మనము చూచినదే. ధర పలికిన యేట వచ్చినదంతయు మన సొమ్మని భ్రమపడక, పలుకని యేటికి కొంత అందులో నున్నదని తలచవలెను. చీటీ వేయువారు అది చట్టప్రకారము నమోదైన చీటీయా కాదా యని ముందు అడుగవలెను. పాటలో తొందరపడి ఎక్కువ తోసివేసి తీసికొన్న సొమ్మునకు పడు వడ్డి ఎంతయో లెక్క కట్టించుకొనవలెను. పల్లెకు వచ్చు సలహాదారుడు ఈ సంగతులెరుగనిచో వాని పరీక్షలు నగరమునకే చాలును.

మన సంఘ కర్తవ్యము

ఇక ఈ సంఘమువారికి నాలుగు మనవులు చేసి ముగింతుము.

మొదటిది: ఈ వేదికపైగాని, ఈ సంచిక పుటలలోగాని, డిపాజిటులు సేకరించు సంస్థల ప్రకటనలను అంగీకరింపకుందుముగాక. పోషకులలో అట్టి వ్యాపారము గలవారుండవచ్చును. వారి దానమునకు కృతజ్ఞులము. కాని ఈ సభలో వినబడిన పేరును మనవారు సంఘము పూచీపడిన పేరుగా భావింతురు. అనుమతి లేని డిపాజిటు పథకములను 2019లో పార్లమెంటు చట్టముచే నిషేధించినది. చట్టము వచ్చి పట్టుకొనులోపల పల్లెలో సొమ్ము పోవును; మన నిరాకరణము దానికంటె ముందు పనిచేయును.

రెండవది: విద్యార్థుల వేతననిధి లెక్కలు ఏటేట ఆడిటు చేయించి ఈ సంచికలోనే అచ్చువేయింతురుగాక. నిధిని బ్యాంకులయందే యుంచుడు. బ్యాంకు డిపాజిటులకు 2020 ఫిబ్రవరి 4 నుండి ఒక్కొక్క బ్యాంకున 5 లక్షల వరకు బీమా కలదు. ఆ హద్దు తెలిసి పంచుకొనుట వివేకము.

మూడవది: పంటలు అమ్ముడైన పిమ్మట ఏటికి రెండుమార్లు, నమోదైన సలహాదారు నొకనిని సంఘము ఫీజిచ్చి ముదిగొండకు రప్పించి, ఎవ్వరు వచ్చినను వారి కాగితములు చూపించుకొను వీలు కల్పింతురుగాక. అతనిచే ఏ వస్తువును అమ్మింపరాదు. అన్ని కులములవారిని రానిత్తురుగాక. ఊరిలో నొకయిల్లు మునిగిన తక్కిన యిండ్లకు చెమ్మ తగులకుండునా? ఆడువారు తప్పక రావలెను. భర్త పోయిన పిదప సొమ్మెక్కడ నున్నదో తెలియక పెట్టెలు వెదకుకొను దుఃఖము మరియొక యింట జరుగరాదు.

నాలుగవది: బి.కాం. చదివిన మన పిల్లలు కొందరైనను ఈ వృత్తిలో ప్రవేశింపవలెను. పరీక్షలు కష్టమైనవి కావు. అమ్మకుండ బ్రతుకుట కష్టమైనది. అట్లు బ్రతుకగలవానికి ఫీజిచ్చి నిలుపవలసిన భారము మనది. వాడు మనవాడని కాదు. తెలిసినవాడని, తెలిసినదానిని తెలిసినట్లు చెప్పువాడని ఇయ్యవలెను. అపుడు తెలుగున ఆప్తుడును, శాస్త్రమున ఆప్తుడును ఒక్కడే యగును.

 మీ యోగక్షేమములు వర్ధిల్లుగాక!